పటములో ఊరి పేరు ఎందుకు మాయమగును?

భూగోళ పాఠమునకై ఒక ఉపాధ్యాయుడు కంప్యూటరుపై పటము గీచినాడనుకొందము. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి, దానిమీద సూర్యాపేట, కోదాడ, దక్షిణమున మిర్యాలగూడ, నాగార్జునసాగరు ఎడమ కాలువ. తెరమీద అన్నియు చక్కగా నున్నవి. పీడీఎఫ్‌గా మార్చి చూడగా రోడ్డున్నది, కాలువ యున్నది, 65 అను అంకెయు నున్నది. ఊళ్ళ పేరులుండవలసిన చోట ఖాళీ గళ్ళు! ఆ పటముతో పిల్లవానికి ఏ ఊరు ఎక్కడనో తెలియదు.

అంకె నిలిచి అక్షరము పోనేల? కంప్యూటరు అక్షరమును బొమ్మగా గాక సంఖ్యగా దాచుకొనును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 3072 మొదలు 3199 వరకు 128 స్థానములు కేటాయించిరి. అందు 'య' 3119, 'ర' 3120. ఈ సంఖ్యలకు రూపమిచ్చునది ఫాంటు. పూర్వము అచ్చుకూటములలో సీసపు అక్షరముల పెట్టె యుండెడిది. పెట్టెలో లేని అక్షరమును ఎంత నేర్పరియైన కంపోజిటరును కూర్చలేడు. ఇచటను అంతే. పటములు గీయు కొన్ని ప్రోగ్రాములు పీడీఎఫ్ తయారుచేయునపుడు హెల్వెటికా వంటి ఫాంటును వాడును. అందు రోమను లిపి, అంకెలు గలవు గాని తెలుగు లేదు. తెరమీదనైతే మరియొక తెలుగు ఫాంటు మనకు తెలియకుండనే ఆదుకొనుచుండును. కావున లోపము ముందుగా బయటపడదు.

అక్షరములున్నను చెదరిపోవుట రెండవ చిక్కు. 'సూర్యాపేట' అను పేరులో తొమ్మిది సంఖ్యలు గలవు. 'ర్యా' ఒక్కటే నాలుగు: ర, పొల్లు, య, దీర్ఘము. వ్రాతలో మాత్రము చివరి దీర్ఘము ముందున్న రకారము మీది కెక్కును; యకారము వత్తుగా క్రిందికి దిగును. ఈ కూర్పు తెలియని ప్రోగ్రాము 'ర్', 'యా' అని విడివిడిగా ముద్రించును. 'కోదాడ'లో వత్తు లేదు. ఆ పేరొక్కటే చూచినవాడు ఈ దోషమును పట్టలేడు. పరీక్షకు సూర్యాపేట, మిర్యాలగూడలే తగినవి.

నివారణ కష్టమేమియు గాదు. పటములోని ప్రతి పేరునకు నోటో సాన్స్ తెలుగు, మండలి, గౌతమి వంటి ఫాంటును స్వయముగా ఎన్నుకొనవలెను. పీడీఎఫ్ చేయునపుడు ఫాంటును ఫైలులోనే పొందుపరచవలెను. లేనిచో మన యంత్రముపై కనుపించిన పేరు ఆ ఫాంటు లేని మరియొకరి యంత్రముపై కనుపింపకపోవచ్చును. వత్తులు చెదరినచో పటమును ఎస్‌వీజీగా దాచి, బ్రౌజరులో తెరచి, ముద్రణ ఆజ్ఞతో పీడీఎఫ్ చేసికొనవచ్చును. బ్రౌజరులకు తెలుగు కూర్పు బాగుగా తెలియును.

అక్షరములను గీతలుగా మార్చు ఉపాయమును గలదు. నా మతమున అది చివరి దిక్కు. అపుడు పేరు కనుపించును గాని వెదకిన దొరకదు. చూపు లేని విద్యార్థికి కంప్యూటరు దానిని చదివి వినిపింపలేదు. అట్లు చేయువారు మూలపటమును వేరుగా దాచుకొనవలెను.

పిల్లలకు పంచుటకు ముందు ఫైలును వేరొక ఫోనులో తెరచి చూచి, 'మిర్యాలగూడ' అని టైపుచేసి వెదకవలెను. చక్కగా కనుపించియు వెదకినపుడు దొరకనిచో, రూపములనుండి తిరిగి సంఖ్యలను తెలిపెడు పట్టిక ఆ ఫైలులో సరిగా చేరలేదన్నమాట. వేరొక ప్రోగ్రాముతో మరల పీడీఎఫ్ చేయవలసియుండును.