వ్యక్తి అంటే అభిరుచుల పట్టికేనా?

సూక్ష్మ అర్థశాస్త్రంలో ఉదాసీనతా వక్రరేఖలు గీశారు కదా. అక్కడ వ్యక్తి అంటే అతని అభిరుచుల క్రమమే. పేరు, ఊరు, బంధుత్వం లెక్కలోకి రావు. మరి అభిరుచులు మారితే మనిషి మారినట్లేనా? అవి మారవు, మనుషుల మధ్య వాటిలో చెప్పుకోదగ్గ తేడా ఉండదు, మారేవి ధరలూ ఆదాయాలేనని 1977లో స్టిగ్లర్, బెకర్ వాదించారు. (అలాగైతే రామయ్యను సోమయ్య నుంచి వేరుచేసేదేమిటని నా సందేహం.) అదే ఏడాది అమర్త్యసేన్ ‘హేతుబద్ధ మూర్ఖులు’ వ్యాసంలో నిబద్ధత అనే భావనను ముందుకు తెచ్చారు. ఇతరుల బాధ చూసి మనమూ బాధపడితే అది సానుభూతి. మన బాధతో నిమిత్తం లేకుండా, అది అన్యాయమని ఆపబూనితే నిబద్ధత. ఇక్కడ మనిషి తన సంక్షేమం తగ్గుతుందని తెలిసే ఎంచుకుంటాడు. కనుక ఎంపికను బట్టి సంక్షేమాన్ని కొలవలేం. తోటివారి కోసం సమ్మెకు దిగి జీతం కోల్పోయిన కార్మికుడిని ఏ వక్రరేఖపై ఉంచుతారో గీసి చూడండి.