6.4 ఎల్‌టీఎస్ విడుదలల ఎంపిక: చిన్న లినక్స్ డిస్ట్రిబ్యూషన్ ఎదుర్కొనే సమస్య

కెర్నల్‌కు, డిస్ట్రిబ్యూషన్‌కు గల తేడాను గత విభాగంలో తెలుసుకున్నారు. వేల ప్యాకేజీలను తయారుచేసి, వాటిలో బయటపడే భద్రతా లోపాలన్నింటినీ సరిచేయడం కొద్దిమంది బృందానికి సాధ్యం కాదు. అందువల్ల చిన్న డిస్ట్రిబ్యూషన్లు డెబియన్, ఉబుంటు వంటి పెద్దవాటిని ఆధారంగా తీసుకుంటాయి. ఆధార విడుదలకు సవరణలు ఆగిపోతే, దానిపై నిర్మించిన డిస్ట్రిబ్యూషన్ వాడుకరులకు కూడా రక్షణ కరవవుతుంది. కాబట్టి ఏ విడుదలను అనుసరించాలన్నది కీలక నిర్ణయం.

ఉబుంటు ఆరు నెలలకొక విడుదల ఇస్తుంది. సాధారణ విడుదలకు 9 నెలలే మద్దతు ఉంటుంది. రెండేళ్లకొకసారి వచ్చే దీర్ఘకాలిక మద్దతు విడుదలను ఎల్‌టీఎస్ అంటారు. దీనికి ప్రామాణిక మద్దతు 5 సంవత్సరాలు. అయితే ఈ హామీ ప్రధాన రిపాజిటరీకి వర్తిస్తుంది గాని, వాడుకరుల సమాజం నిర్వహించే ప్యాకేజీలన్నింటికీ వర్తించదు.

ఉదాహరణ: లినక్స్ మింట్ బృందం మొదట్లో ఉబుంటు సాధారణ విడుదలలను కూడా అనుసరించేది. 2014లో మింట్ 17 నుంచి ఎల్‌టీఎస్‌కే పరిమితమైంది. 17.1, 17.2, 17.3 కూడా ఉబుంటు 14.04 మీదనే నిర్మించారు. ఆధారం మాటిమాటికీ మారకపోవడంతో సొంత ఉపకరణాలపై శ్రద్ధ పెట్టే వీలు కలిగింది. ఉబుంటు లేకపోయినా పని సాగేలా, నేరుగా డెబియన్‌పై నిర్మించిన ఎల్‌ఎండీఈని కూడా ఈ బృందం నిర్వహిస్తోంది.

ఎంపికలో గమనించవలసినవి:

1. మిగిలిన మద్దతు కాలం: దీనిని ఆధార విడుదల తేదీ నుంచి లెక్కించాలి. ఉబుంటు 22.04కు ప్రామాణిక మద్దతు 2027 ఏప్రిల్ వరకు. దానిపై 2026 ఏప్రిల్‌లో కొత్త డిస్ట్రిబ్యూషన్ విడుదల చేస్తే, వాడుకరికి దక్కేది ఒక్క ఏడాదే.

2. హార్డ్‌వేర్: పాత కెర్నల్ కొత్త ల్యాప్‌టాప్‌లోని వై-ఫై పరికరాన్ని గుర్తించకపోవచ్చు. ఎల్‌టీఎస్‌లో కొత్త కెర్నల్ అందే మార్గం ఉందో లేదో చూడాలి.

3. బృందం శక్తి: రెండేళ్లకొక ఎల్‌టీఎస్ వస్తుంది, ఒక్కొక్కటి ఐదేళ్లు నిలుస్తుంది. అన్నింటినీ అనుసరిస్తే ఒకే సమయంలో రెండు మూడు ఆధారాలపై ప్రతి సవరణనూ పరీక్షించవలసి వస్తుంది.

ఇద్దరు ముగ్గురే ఉన్న బృందం ఒకే ఎల్‌టీఎస్‌ను ఎంచుకుని, తదుపరిది వచ్చాక వాడుకరులు మారడానికి తగిన గడువు ఇచ్చి, పాతదానిని ముందుగా ప్రకటించి ఆపడం మేలు. నిలబెట్టుకోలేని ఐదేళ్ల హామీ కంటే నిలబెట్టుకోగల మూడేళ్ల హామీయే వాడుకరికి భద్రత.

మీ ప్రగతిని సరిచూసుకోండి

ఉబుంటు 24.04 ఆధారంగా 2027 ఏప్రిల్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ విడుదలైతే, దానికి ఎన్నేళ్ల ప్రామాణిక మద్దతు మిగులుతుంది? కారణం వివరించండి.