రాతినేలలో రంగుచేపలు: కొన్ని విశేషాలు

రాయలసీమలోని బేతంచెర్ల అనగానే ఇళ్లలో పరిచే సున్నపురాతి బండలు గుర్తొస్తాయి. ఈ చుట్టుపక్కల రంగుచేపల అంగడి పెట్టాలనుకునేవాళ్లు మాత్రం ఆ రాయి నీళ్లను ఏం చేస్తుందో ముందు తెలుసుకోవాలి. గాలిలో, మట్టిలో ఉన్న బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. దగ్గర్లోని బిల్లసర్గం గుహలు ఏర్పడింది అలాగే. 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ అక్కడ తవ్వకాలు జరిపి పూర్వకాలపు జంతువుల ఎముకలు బయటికి తీశారు. ఇలాంటి నేలలో బోరు వేస్తే పడేది సాధారణంగా కఠినజలమే.

★ కఠినజలం అన్ని చేపలకూ చెడ్డది కాదు. గప్పీలు, మోలీలు అందులో హాయిగా పెరుగుతాయి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు నీటి పీహెచ్ 7.7 నుంచి 8.6 దాకా ఉంటుంది కాబట్టి అక్కడి సిక్లిడ్ చేపలకు ఇది సొంత ఊరి నీళ్లలాంటిదే. అమెజాన్ ప్రాంతపు డిస్కస్‌కు, నియాన్ టెట్రాకు మాత్రం ఆర్‌వో నీళ్లు కలపక తప్పదు.

★ అసలు జాగ్రత్త అమ్మోనియా దగ్గర కావాలి. చేపలు దాన్ని ముఖ్యంగా మొప్పల ద్వారా వదులుతాయి. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే ఆ మొత్తంలో విషరూపంలో ఉండేది నూటికి అర వంతు. 8కి చేరితే అయిదు వంతులు దాటుతుంది, 9 అయితే ముప్పై అయిదు పైమాటే. సున్నపురాతి నీటి పీహెచ్ సాధారణంగా ఎక్కువే. అంటే పీహెచ్ తక్కువున్న నీళ్లలో చెల్లిపోయే అశ్రద్ధ సున్నపునేలలో చేపల ప్రాణం తీయొచ్చు. ఇక్కడ ఫిల్టరే ముఖ్యం, హీటరు తర్వాత.

★ ఆ విషాన్ని తినేసేవి కంటికి కనపడని బ్యాక్టీరియా. వీటిని 1890 ప్రాంతంలో వేరుచేసి చూపినవాడు శాస్త్రవేత్త సెర్గెయ్ వినోగ్రాడ్‌స్కీ. కొత్త ఫిల్టరులో అవి నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంగడి తెరిచే ముహూర్తం ముందే పెట్టుకున్నా, ట్యాంకులు అంతకు నెలన్నర ముందే నడవాలి.

★ ముప్పై ట్యాంకులకు ముప్పై ఎయిర్ పంపులు అక్కర్లేదు. ఒక్క బ్లోయరు, గోడ చుట్టూ పీవీసీ పైపు, ట్యాంకుకో వాల్వు, ఒక స్పాంజి ఫిల్టరు చాలు. పైపు రెండు కొసలనూ కలిపేస్తే చివరి ట్యాంకుకూ గాలి సమంగా అందుతుంది. బ్లోయరును నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టాలి. లేదంటే కరెంటు పోయినప్పుడు నీళ్లు పైపులోంచి వెనక్కి ఎక్కి మోటారును పాడుచేస్తాయి. నీళ్లన్నీ కలిపి తిప్పే పెద్ద ఫిల్టరు చూడ్డానికి బాగుంటుంది గానీ, ఒక ట్యాంకులో వచ్చిన తెల్లమచ్చ జబ్బు అన్నింటికీ పాకుతుంది. చిన్న అంగడికి విడివిడి ఫిల్టర్లే మేలని నా అభిప్రాయం. వలలు కూడా విడిగానే ఉండాలి.

★ వంద లీటర్ల నీటిని అయిదు డిగ్రీలు వేడిచేయడానికి అర యూనిట్ పైచిలుకు కరెంటు కావాలి. ఎక్కువ ట్యాంకులున్నచోట తలుపు సందులు మూసి గదినే వెచ్చగా ఉంచడం లాభసాటి. వేడిగాలి పైకి చేరుతుంది కాబట్టి డిస్కస్ పై అరలో, చల్లదనం కోరే గోల్డ్‌ఫిష్ కింది అరలో ఉండాలి.

★ రాయలసీమలో చలికన్నా ఎండే పెద్ద పరీక్ష. 20 డిగ్రీల నీటిలో లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. మూత తీసి ఫ్యాను గాలి తగిలిస్తే మన పొడిగాలికి నీరు త్వరగా ఆవిరై ట్యాంకు చల్లబడుతుంది. వంద లీటర్లలో ఒక్క లీటరు ఆవిరైతే అయిదు డిగ్రీలకు పైగా వేడి పోతుంది. సున్నం మాత్రం ఆవిరి కాదు, ట్యాంకులోనే మిగులుతుంది. అందుకే తగ్గినంత మేర ఆర్‌వో నీళ్లే పోయాలి.

ఇంట్లో ట్యాంకు ఉన్నవాళ్లకూ ఒక మనవి. ఫిల్టరు స్పాంజిని కొళాయి కింద కడగకండి. క్లోరిన్ తగిలితే బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండి, వెంటనే తిరిగి పెట్టండి.