తేనెబంక తెగులు, ఎల్.ఎస్.డి., జీర్ణకోశం: తొలి పరిశోధనల పరిశీలన

గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తి, మిరప చేల నడుమ పెరిగిన నేటి విద్యార్థికి సజ్జకు పట్టే తేనెబంక తెగులు అంతగా పరిచయం లేని పేరు. పూతదశలో కంకి నుండి తేనెరంగు జిగురు కారుతుంది. కొన్నాళ్లకు గింజ ఉండవలసిన చోట ముదురురంగు గట్టి శిలీంధ్రపు ముద్ద ఏర్పడుతుంది. ఆంగ్లంలో ఎర్గాట్ అనేది దీనినే. రైతు కంటికి ముందుగా పడేది జిగురు గనుక తెలుగు పేరు దానిమీదనే నిలిచింది. విషం మాత్రం ప్రధానంగా ఆ ముద్దలో ఉంటుంది. ‘తెగులు’ అనే మాట పైరు రోగానికీ మనిషి రోగానికీ ఒకటే కావడం ఇక్కడ ఎంతో ఉచితం.

1975లో రాజస్థాన్‌లో ఇటువంటి సజ్జలు తిని జనం అస్వస్థులయ్యారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు కృష్ణమాచారి, రమేశ్ భట్ ఆ ఉదంతాన్ని పరిశీలించి 1976లో ప్రకటించారు. బాధితులలో కనిపించినవి వికారం, వాంతులు, తల తిరగడం, మగత. ఐరోపాలో రై ధాన్యపు ఎర్గాట్ వల్ల కాళ్లూ చేతులూ కుళ్లిపోయేవి. ఇక్కడ అది లేదు. సజ్జను ఆశ్రయించే శిలీంధ్రం వేరు, అందులోని క్షారాభాలు క్లావీన్ వర్గానికి చెందినవి. వాంతులే ప్రధానమైనప్పుడు దీనిని సాధారణ అజీర్ణంగా పొరబడే ప్రమాదం ఉంది.

ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో బాసెల్‌లోని శాండోజ్ ప్రయోగశాలలో తయారుచేసిన ఎల్.ఎస్.డి. కూడా ఎర్గాట్ మూలకమే. 1943లో దాని భ్రాంతిజనక గుణం బయటపడినది మొదలు చర్చ అంతా మనస్సు చుట్టూ తిరిగింది. కాని తొలి ఔషధశాస్త్ర పరిశోధనలో పేగుకు దక్కిన స్థానం తక్కువది కాదు. ఇటలీలో ఎర్‌స్పామర్ 1930లలో పేగుపొర కణాలలో గుర్తించి ‘ఎంటరమిన్’ అని పేరు పెట్టిన పదార్థమే సెరొటోనిన్ అని 1952లో తేలింది. శరీరంలోని సెరొటోనిన్‌లో సుమారు 90 శాతం జీర్ణకోశంలోనే ఉంటుంది. ఎల్.ఎస్.డి. సెరొటోనిన్‌ను అడ్డగిస్తుందని 1953లో ఎడిన్‌బరోలో గాడమ్ చూపాడు. 1957లో గాడమ్, పికరెల్లీ గినీపందుల చిన్నపేగు ముక్కపై చేసిన ప్రయోగం మరింత కీలకమైనది: సెరొటోనిన్ పేగును ముడుచుకునేలా చేస్తే, ఆ ముడుపులో కొంత భాగాన్నే ఎల్.ఎస్.డి. వంటివి ఆపాయి, మిగిలినది మార్ఫిన్‌కు లొంగింది. అంటే గ్రాహకాలు రెండు రకాలు. మార్ఫిన్‌కు లొంగిన రెండవ రకమే తరువాత 5-హెచ్.టి.3గా పేరు పొందింది. క్యాన్సర్ చికిత్సలో వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ పనిచేసేది దానిమీదనే.

అయితే సజ్జ విషపు వాంతులకూ ఇదే మార్గమని తీర్మానించడం తొందరపాటు. ఎర్గాట్ క్షారాభాలు డోపమిన్ గ్రాహకాలనూ తాకుతాయి. వాంతి ప్రేరణలో వాటికీ పాత్ర ఉంది. నివారణ మాత్రం సులువు: గింజలను ఉప్పునీటిలో పోస్తే తేలికైన ఎర్గాట్ ముద్దలు పైకి తేలుతాయి. వాటిని తీసివేసి, మంచినీటితో కడిగి ఆరబెడితే చాలు.