వెబ్‌సైట్ మెనూలో కావాల్సింది ఎందుకు దొరకదు? తప్పు మీది కాదు!

ఫోన్ డిస్‌ప్లే పగిలింది. మార్చడానికి ఎంతవుతుందో చూద్దామని కంపెనీ వెబ్‌సైట్ ఓపెన్ చేశారు. మెనూలో 'డిస్కవర్', 'ఎక్స్‌పీరియన్స్', 'సొల్యూషన్స్' అని ఉన్నాయి. రిపేర్ ధర వీటిలో ఎందులో ఉంటుంది? ఒక్కొక్కటీ నొక్కి చూసి, విసుగొచ్చి సైట్ మూసేస్తాం. 'నాకే చేతకావట్లేదేమో' అని కూడా అనిపిస్తుంది. నిజానికి లోపం డిజైన్‌ది. ఒక సైట్‌లో దారి సులువుగా దొరకాలంటే ఏం ఉండాలో చూద్దాం.

1. మాట యూజర్‌ది కావాలి

చాలా సైట్లు కంపెనీలోని డిపార్ట్‌మెంట్ల ప్రకారం మెనూ పెడతాయి. మనం వెతికేది పని పేరుతో. 'ఆఫ్టర్ సేల్స్ సొల్యూషన్స్' కన్నా 'రిపేర్ ధరలు', 'దగ్గర్లోని సర్వీస్ సెంటర్' అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

2. ముఖ్యమైనవి దాచకూడదు

మూడు గీతల మెనూ గుర్తు కొత్తదేం కాదు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ దాన్ని డిజైన్ చేశారు. చిన్న స్క్రీన్‌పై చోటు ఆదా చేస్తుంది కాబట్టి ఫోన్లలో బాగా వాడుతున్నారు. కాకపోతే లోపల ఏముందో నొక్కేదాకా తెలియదు. అందుకే ఎక్కువమంది వాడే వాటిని బయటే ఉంచాలి. యాప్‌ల కింది బార్‌లో 3 నుంచి 5 ఆప్షన్లు పెట్టమని గూగుల్ మెటీరియల్ డిజైన్ చెబుతుంది.

3. గుర్తు పక్కన పేరు ఉండాలి

హార్ట్ గుర్తు ఒక యాప్‌లో లైక్, ఇంకో యాప్‌లో విష్‌లిస్ట్. కింద ఒక్క మాట రాస్తే ఈ తికమక ఉండదు.

4. ఎక్కడున్నామో తెలియాలి

గూగుల్‌లో వెతికి వచ్చేవాళ్లు నేరుగా లోపలి పేజీలోకి దిగుతారు. 'హోమ్ > సపోర్ట్ > రిపేర్ > ధరలు' అని పైన కనిపిస్తే ఎక్కడున్నారో, వెనక్కి ఎలా వెళ్లాలో తెలుస్తుంది.

మీకూ సైట్ ఉందా?

అయితే ఈ చిన్న టెస్ట్ చేయండి. పేజీల పేర్లను చీటీల మీద రాసి, మీ సైట్ చూడని నలుగురైదుగురికి విడివిడిగా ఇవ్వండి. కలిసి ఉండాల్సినవి ఒకచోట పెట్టి, ఆ గుంపుకు వాళ్లనే పేరు పెట్టమనండి. దీన్నే కార్డ్ సార్టింగ్ అంటారు. పైసా ఖర్చు లేదు. ఎక్కువమంది నోట వచ్చిన మాటనే మెనూలో పెట్టండి, మీరు పెట్టిన పేరు ఎంత బాగున్నా సరే!