పాసా... టికెట్టా?

గూడెం కొత్తవీధికి రైలు లేదు. రైలెక్కాలంటే చింతపల్లి, లంబసింగి మీదుగా నర్సీపట్నం దిగాలి. అక్కణ్ణించి మళ్లీ అనకాపల్లికో తునికో పోవాలి. అంచేత కొండమీది ఇల్లాలికి ప్రయాణమంటే ఒక్క టికెట్టుతో తేలేది కాదు. ఉప్పూ పప్పూ లెక్కేసుకునే మనం ఈ ఖర్చు మాత్రం ఎందుకు లెక్కెయ్యం?

ముందు బస్సు సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద రాష్ట్రంలోని ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఛార్జీ లేదు. అయితే ఇది పాసు కాదు. ఎక్కిన ప్రతిసారీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాల్సిందే. సూపర్ లగ్జరీకీ, ఏసీ బస్సులకూ, పక్క రాష్ట్రాలకు వెళ్లేవాటికీ ఇది చెల్లదు.

అసలు లెక్క రైలు దగ్గరే. అనకాపల్లి నుంచి విశాఖపట్నం ఉద్యోగానికి వెళ్లొచ్చే అమ్మాయినే తీసుకోండి. 150 కిలోమీటర్ల లోపు దూరానికి రైల్వే సీజన్ టికెట్టు ఇస్తుంది. సెకండ్ క్లాసు నెల పాసు ధర సుమారుగా 15 ఒంటి టికెట్ల ఖరీదు. రానూపోనూ రోజుకి రెండు టికెట్లు కదా! అంటే నెలలో ఎనిమిది రోజులు తిరిగితే పాసు గిట్టుబాటైనట్టే. వారానికొక్కసారి వెళ్లేవాళ్లకి విడి టికెట్టే మేలు. మూడు నెలల పాసు ఇంకా కాస్త చవక. కానీ మధ్యలో వేసవి సెలవులో, కాన్పు సెలవో ఉంటే ఆ డబ్బు వృథా.

ఇంకో మాట. సీజన్ టికెట్టుతో రిజర్వేషన్ పెట్టె ఎక్కకూడదు. ఒకరి పాసు మీద ఇంకొకరు వెళ్లకూడదు. డిగ్రీ దాకా చదివే ఆడపిల్లలకి ఇంటి నుంచి కాలేజీకి సెకండ్ క్లాసు నెల పాసు ఉచితం. కాలేజీలో ధ్రువపత్రం అడిగి తీసుకోండి.

యూరప్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లులకీ ఇదే లెక్క. మనలాంటి బయటివాళ్లకి అమ్మేది యూరైల్ పాసు. అక్కడ కాపురముంటున్న కూతురు కొనాల్సింది ఇంటర్‌రైల్ పాసు. ఇద్దరికీ ఒకటే అనుకోకండి. పాసున్నా ఫ్రాన్సు టీజీవీలో, యూరోస్టార్‌లో సీటుకి విడిగా కట్టాలి. రోజుకో ఊరు తిరిగేవాళ్లకి పాసు బాగుంటుంది. మనవణ్ణి ఎత్తుకుని ఇంటిపట్టునే ఉంటూ ఒకటి రెండు ఊళ్లు చూసొచ్చేవాళ్లకి ముందుగా కొన్న విడి టికెట్లే చాలాసార్లు చవక.

డబ్బొక్కటే కాదు సుమండీ! పాసు చేతిలో ఉన్న అమ్మాయి రోజూ పొద్దున్నే ఛార్జీలకోసం ఎవరి ముందూ చెయ్యి చాపక్కర్లేదు. అందుకే ఎన్ని రోజులు వెళ్తారో కాగితమ్మీద రాసుకుని, ఆ తర్వాతే కౌంటరు దగ్గర నిలబడండి.