చదివిన చోటికి తిరుగు టపా

డిసెంబరు వస్తే విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి పాత ముఖాలు చేరతాయి. అమెరికా నుంచి సెలవు పెట్టి వచ్చినవాళ్లు, హైదరాబాదులో రాత్రి రైలెక్కి పొద్దున్నే దిగినవాళ్లు, ఊళ్లోనే ఉంటూ ఏడాదికోసారి తప్ప గేటు దాటి లోపలికి రానివాళ్లు. పూర్వ విద్యార్థుల సంఘం ‘వేవ్స్’ పేరుతో జరిపే సమ్మేళనం ఇది. సంఘానికి వ్యవస్థాపక ఛైర్మన్ గ్రంధి మల్లికార్జునరావు. రాజాంలో పుట్టి, ఇక్కడ మెకానికల్ ఇంజనీరింగ్ చదివి, హైదరాబాద్, ఢిల్లీ విమానాశ్రయాల దాకా ఎదిగిన జీఎంఆర్ ఆయనే.

ఇలాంటి చోట మొదట వినిపించేది ‘ఎవరు ఏమయ్యారు’ అన్న కబురు. చెప్పుకోవడానికి ఆంధ్రా యూనివర్సిటీ వాళ్లకు కొదవేమీ లేదు. 1926లో బెజవాడలో మొదలై, 1930లో వాల్తేరుకు తరలివచ్చిన ఈ విద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసిన సి.ఆర్. రావుకు 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి ప్రకటించారు. అప్పుడాయన వయసు 102. బహుమతికి కారణమైన పరిశోధనాపత్రం 1945 నాటిది! పూర్వ విద్యార్థి గురించిన వార్త కోసం ఏ విశ్వవిద్యాలయమైనా అంతకాలం ఎదురుచూసిందో లేదో.

ఇప్పుడు ఆ కబుర్లకు ఇంకొకటి తోడైంది. ఎవరు ఏమిచ్చారు?

దానికి గుంటూరు వెళ్లాలి. అక్కడి వైద్య కళాశాల 1946లో పుట్టింది. 1986లో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చేదాకా వైద్య కళాశాలలు మామూలు విశ్వవిద్యాలయాల కిందే ఉండేవి కాబట్టి, తొలి తరాల గుంటూరు డాక్టర్ల పట్టాల మీద ఉన్నది ఆంధ్ర విశ్వవిద్యాలయం ముద్రే. అమెరికాలో స్థిరపడ్డ ఈ కాలేజీ డాక్టర్ల సంఘాన్ని అందరూ ‘జింకానా’ అంటారు. ఏటా కలుసుకుని, పాటలు పాడుకుని, పాత లెక్చరర్లను అనుకరించి నవ్వుకుని విడిపోయే సంఘాలు చాలానే ఉంటాయి. వీళ్లు తాము పని నేర్చుకున్న గుంటూరు పెద్దాసుపత్రిలో తల్లీబిడ్డల విభాగానికి కొత్త భవనం కట్టాలని పూనుకున్నారు. 2022లో డల్లాస్‌లో జరిగిన సమ్మేళనంలో డాక్టర్ ఉమ గవిని ఆ భవనానికి 20 కోట్ల రూపాయలు ఇస్తున్నట్టు ప్రకటించారు. 1965లో ఆ కాలేజీలో చేరిన ఇమ్యునాలజిస్టు ఆమె. భవనానికి భర్త, మత్తు వైద్యుడు కానూరి రామచంద్రరావు పేరు పెట్టారు. ఆ తర్వాత మరికొందరు సహాధ్యాయులూ కోట్లలో ముందుకొచ్చారు.

అయితే అమెరికాలో చెక్కు రాసినంత తేలిగ్గా ఆ డబ్బు ఇక్కడికి చేరదు. భారత పౌరుడిగానే ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే చట్టం దాన్ని విదేశీ విరాళంగా లెక్కించదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకున్నాడంటే, గుంటూరులో పుట్టినా బాపట్లలో పుట్టినా, అతనిచ్చేది విదేశీ విరాళమే. దాన్ని తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి కావాలి. 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి. ఒక సంస్థ అందుకున్నదాన్ని మరో సంస్థకు మళ్లించడానికీ వీల్లేదు. ఊరి సంఘం పేరుతో తెప్పించి కాలేజీకి ఇద్దామనుకునే బ్యాచ్‌లకు సరిగ్గా ఇక్కడే బ్రేకు పడుతుంది.

బాపట్ల అంటే గుర్తొచ్చింది. 2024 ఆగస్టులో మద్రాసు ఐఐటీకి 228 కోట్లు ఇచ్చిన కృష్ణ చివుకుల ఆ ఊరివారే. 1970లో ఆ ఐఐటీలోనే ఎం.టెక్. చేశారు. 2023లో బొంబాయి ఐఐటీకి నందన్ నీలేకని 315 కోట్లు ప్రకటించారు. ఈ అంకెలు చూసి రాష్ట్ర విశ్వవిద్యాలయాల పూర్వ విద్యార్థులు పిసినారులనుకుంటే అన్యాయం. ఐఐటీలకు ఇందుకోసమే ప్రత్యేక కార్యాలయాలున్నాయి; ఎవరు ఏ బ్యాచ్, ఏ హాస్టల్, ఇప్పుడెక్కడున్నారు అన్నది పట్టుకుని కూర్చునే ఉద్యోగులున్నారు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి పట్టా పుచ్చుకుని గడప దాటిన విద్యార్థి చిరునామాయే ఉండదు. అనుబంధ కాలేజీల్లో చదివినవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వాళ్లకు విశ్వవిద్యాలయమంటే హాల్‌టికెట్టు మీది పేరు.

ఇంజనీరింగ్, మెడికల్ బ్యాచ్‌లను హాస్టలు కలిపి ఉంచుతుంది. వాట్సాప్ వచ్చాక సిల్వర్ జూబిలీ చేయని బ్యాచ్ కనబడటం కష్టం. తెలుగు ఎం.ఏ.కో చరిత్రకో అలాంటి బలగం తక్కువ. ఉన్నా కోట్లిచ్చే స్తోమత ఉన్నవాళ్లు తక్కువ. నిజానికి ఖాళీ పోస్టులతో, పాతబడ్డ గ్రంథాలయాలతో ఎక్కువ అవసరంలో ఉన్నవి ఆ విభాగాలే. ఉన్నత విద్యాసంస్థలకు గ్రేడులిచ్చే న్యాక్ మదింపులో పూర్వ విద్యార్థుల తోడ్పాటుకూ మార్కులుంటాయి. అందుకని న్యాక్ బృందం వచ్చేముందు హడావుడిగా సంఘాన్ని రిజిస్టరు చేయించి, బృందం వెళ్లాక మర్చిపోయే కాలేజీలకూ లోటు లేదు.

ఇచ్చేవాళ్లకు భవనమంటే మోజెందుకో అర్థం చేసుకోవచ్చు. కంటికి కనబడుతుంది, శిలాఫలకం ఉంటుంది, రిబ్బన్ కత్తిరించవచ్చు. లిఫ్టు మరమ్మతుకీ నర్సు జీతానికీ శిలాఫలకం వేయరు, అవి మాత్రం ఏటా వచ్చే ఖర్చులు. ఎప్పుడో కొన్ని వేలు బ్యాంకులో వేసి, వడ్డీతో ఇవ్వమన్న బంగారు పతకాలదీ అదే కథ. ఇవాళ్టి బంగారం ధరకు ఆ వడ్డీ ఏ మూలకు? ఏటా వచ్చే ఖర్చుకు ఏటా వచ్చే సొమ్మే కావాలన్న ఈ లెక్క ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలినాళ్లలోనే తెలుసు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ అక్కడ చదివినవాడు కాడు. అయినా ఆయన ఏటా లక్ష రూపాయలు ఇస్తానని మాటిచ్చాడు. ఆ కాలంలో లక్ష అంటే ప్రయోగశాలలు నడిచేంత సొమ్ము. సైన్సు కళాశాలకు ఆయన పేరు వచ్చింది అందుకే.